నీరు గట్టెక్కకముందే: లంక ఊళ్లలో సంఘాలు వరదకు, తుఫానుకు ఎలా సిద్ధం కావాలి

గోదావరి వరద అంటే ఆగస్టు మాటే అనుకునే మాకు 2022లో అది జూలైలోనే వచ్చింది. మా యువజన సంఘం దగ్గర అప్పటికే మంచి నైలాన్ తాళ్లు, ఎనిమిది లైఫ్ జాకెట్లు, రెండు పెద్ద టార్పాలిన్లు ఉన్నాయి. చందాలు పోగుచేసి కొన్నవి. అన్నీ కమ్యూనిటీ హాలు వెనక గదిలో భద్రంగా ఉన్నాయి. ఆ గది తాళంచెవి ఉన్న మనిషి పెళ్లికని హైదరాబాద్ వెళ్లాడు. తాళం పగలగొట్టాలా వద్దా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ గంటన్నర గడిపాం. ఈలోగా రేవులో ఇంకో మెట్టు మునిగింది.

ఆ రోజు నుంచి నేను ఒక్కటే చెబుతున్నాను. సామాను కొనడం తేలిక. ఏ తాళంచెవి ఎవరి దగ్గర ఉంది, ఏ ఇంటి తలుపు ఎవరు తట్టాలి అన్నది మనిషి పేరుతో సహా కాగితం మీద లేకపోతే, కొన్న సామాను గదిలోనే ఉంటుంది, మనం గట్టు మీద ఉంటాం. ఈ వ్యాసమంతా ఆ కాగితం గురించే. యువజన సంఘాలకు, డ్వాక్రా మహిళలకు, మత్స్యకార సంఘాలకు, గుడి, చర్చి, మసీదు కమిటీలకు, రక్తదాన శిబిరాలు పెట్టే అభిమాన సంఘాలకు, పది మంది కలిసి పనిచేసే అలవాటు ఉన్న ఎవరికైనా ఇది పనికొస్తుంది.

1. మీ ఊరికి వచ్చే ముప్పు ఏమిటో తేల్చుకోండి

డెల్టాలో ముప్పు రెండు వైపుల నుంచి వస్తుంది. రెండింటి నడక వేరు, కాబట్టి సన్నాహం కూడా వేరు.

వరద పైనుంచి వస్తుంది. మహారాష్ట్రలో, ఛత్తీస్‌గఢ్‌లో, తెలంగాణలో కురిసిన వాన ప్రాణహిత, ఇంద్రావతి, శబరి నదుల మీదుగా గోదావరిలో కలిసి దిగుతుంది. మన ఊళ్లో ఎండ కాస్తున్నా ఏరు పొంగుతుంది. రాబోతోందని ముందే తెలుస్తుంది, అది మన అదృష్టం. కానీ వచ్చాక రోజుల తరబడి కదలదు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో 71.3 అడుగులు దాకా వచ్చి, ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా సముద్రంలోకి వదలాల్సి వచ్చింది.

తుఫాను సముద్రం నుంచి వస్తుంది. ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపు, అప్పుడప్పుడు మే నెలలో. దానిది ఒక రాత్రి పని. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను కొట్టిన తుఫాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. ఆ రాత్రి చూసినవాళ్లు మీ ఊళ్లో ఇంకా ఉంటారు. వాళ్లను కూర్చోబెట్టి అడగండి: నీరు ఎంత దూరం వచ్చింది, ఏ ఇల్లు నిలబడింది, ఏ దారి మూసుకుపోయింది. మీ ప్రణాళికలో మొదటి పేజీ అదే.

మీ ఊరి పక్కనుంచి గ్యాస్ పైపులైను వెళ్తుంటే మూడో ముప్పు కూడా ఉన్నట్టే. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం అనే గ్రామంలో గ్యాస్ పైపులైను పేలినప్పుడు ఏం జరిగిందో ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. వాసన వచ్చినా, భూమిలోంచి బుస కొడుతున్నట్టు శబ్దం వినిపించినా పొయ్యి వెలిగించకూడదు, స్విచ్చి వేయకూడదు, బండి స్టార్ట్ చేయకూడదు. గాలికి ఎదురుగా గానీ అడ్డంగా గానీ నడిచి దూరం వెళ్లి, అక్కడి నుంచి ఫోను చేయాలి. పైపులైను గుర్తు రాళ్ల మీద ఉండే అత్యవసర నంబరును ఇవాళే వెళ్లి రాసుకురండి.

2. ధవళేశ్వరం అంకెను మీ రేవు మెట్టుగా మార్చండి

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది. బ్యారేజీ నుంచి వదిలే నీటి లెక్కలో ఇవి సుమారు 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులు. ఎగువన భద్రాచలంలో ఆ మూడు హెచ్చరికలు 43, 48, 53 అడుగుల దగ్గర.

టీవీలో ఈ అంకెలు వినగానే తలలు ఊపుతాం. కానీ 13.75 అంటే మన ఊళ్లో ఏమిటి? కాజ్‌వే మునుగుతుందా? చెరువుగట్టు వీధిలోకి నీరు వస్తుందా? కొబ్బరి తోటలోనే ఆగుతుందా? ఈ సంగతి ఏ బులెటిన్‌లోనూ రాదు. మీరే కనిపెట్టాలి.

చేయాల్సింది ఇది. రేవు మెట్ల మీదగానీ, వంతెన స్తంభం మీదగానీ, ఏటికి దగ్గరగా ఉన్న పక్కా గోడ మీదగానీ ఎనామిల్ పెయింట్‌తో అంగుళాల గీతలు గీయండి. వరద కాలంలో పొద్దున, సాయంత్రం ఒకరు వెళ్లి చూసి ఆ మట్టాన్ని, అదే సమయానికి ధవళేశ్వరంలో ప్రకటించిన మట్టాన్ని పక్కపక్కన రాయాలి. భద్రాచలంలో పెరిగిన నీరు మీ రేవులో ఎన్ని గంటల తర్వాత తెలుస్తుందో కూడా రాయండి. రెండు వరదలు రాస్తే చాలు, మీ ఊరికి మాత్రమే పనికొచ్చే లెక్క చేతికి వస్తుంది. ఊళ్లో పెద్దవాళ్లు చూపించిన 1986 మట్టాన్ని, 2022 మట్టాన్ని అదే గోడ మీద ఎర్ర గీతలుగా వేయండి. బడి పిల్లలు రోజూ ఆ గీత పక్కనుంచి నడుస్తారు. "ఇంత ఎత్తా!" అని ఒక్కడు ఆశ్చర్యపోయినా ఆ పెయింట్ డబ్బులు దక్కినట్టే.

సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లవాళ్లు ఇంకో గడి చేర్చుకోవాలి: పోటు, ఆటు. అమావాస్య, పున్నమి రోజుల్లో పోటు ఎక్కువ. అప్పుడు ఏటిలో నీరు, మురుగు కాలువల్లో నీరు సముద్రంలోకి తొందరగా దిగదు. ధవళేశ్వరంలో తగ్గుముఖం పట్టిందని వినగానే ఇళ్లకు తిరిగి వెళ్లిపోకుండా మీ గీతను చూసి నిర్ణయించుకోండి.

3. ఇంటింటి పుస్తకం రాయండి

అన్నింటికంటే ముఖ్యమైన పని ఇది. ఎక్కువ సంఘాలు చేయనిదీ ఇదే. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొనండి. ఫోనులో కాదు, కాగితం మీద. తుఫాను తర్వాత ఫోనులో ఛార్జింగు ఉండదు, టవరు పనిచేయదు. నకలు ఒకటి రాసి వేరే ఇంట్లో ఉంచండి. రెంటికీ పాలిథిన్ సంచి.

ఊరిని పదేసి ఇళ్లుగా విడదీయండి. ప్రతి పది ఇళ్లకు అదే వీధిలో ఉండే ఒకరి పేరు, ఆయన లేనప్పుడు చూసుకునే మరొకరి పేరు. ఇద్దరిలో ఒకరు స్త్రీ అయితే మంచిది. పగలు ఊళ్లో ఉండేది వాళ్లే, లోపలి గదిలో ఎవరున్నారో తెలిసేదీ వాళ్లకే. వీళ్లు ఇంటింటికీ వెళ్లి కింది సంగతులు రాయాలి:

- ఇంట్లో ఎంత మంది, రాత్రి పడుకునేది ఎంత మంది
- మంచం మీద ఉన్నవాళ్లు, నడవలేనివాళ్లు, చూపు లేదా వినికిడి లేనివాళ్లు, ఒంటరిగా ఉండే వృద్ధులు
- గర్భిణులు, ప్రసవం తేదీ, ఏడాదిలోపు పిల్లలు
- డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లు, మూర్ఛ మందు లేదా టీబీ మందు వాడేవాళ్లు
- పశువులు ఎన్ని, విప్పి తోలగలవాళ్లు ఎవరు
- ఇల్లు పక్కాదా, తాటాకుదా, రేకులదా. మేడ ఉంటే పైన ఎంత మంది పడతారు
- పడవ, ట్రాక్టరు, జనరేటరు, పెద్ద వంటపాత్రలు, చెట్లు కోసే రంపం ఉన్నాయా
- ఈత, పడవ నడపడం, నర్సింగు, కరెంటు పని, వంట తెలిసినవాళ్లు

వెళ్లినప్పుడు కాగితం నింపేసి రాకండి, కూర్చుని మాట్లాడండి. ఒక లంకలో మేము అడిగిన మొదటి ఇల్లు డెబ్భై ఏళ్ల మామ్మగారిది. చూరు కింద గేదెకు కుడితి పెడుతున్నారు. "మామ్మగారూ, నీరొస్తే గట్టు మీదికి వస్తారుగా?" అన్నాను. ఆవిడ బకెట్ దించకుండానే, "నేను రావడానికేముంది బాబూ, దీన్ని ఎవరు తోలుకొస్తారు? అది చెప్పు ముందు" అన్నారు. పోయినసారి పడవ వస్తే ఆవిడ ఎక్కలేదట. మొండితనం అనుకున్నారు అందరూ. నిజానికి ఆ గేదె పాలే ఆవిడకు నెలవారీ ఆదాయం, దానిని నీళ్లలో కట్టేసి వెళ్లిపోవడం ఆవిడ వల్ల కాలేదు. ఆ రోజు మా పుస్తకంలో ఆవిడ పేరుకు ఎదురుగా ఒక కుర్రాడి పేరు రాశాం: మొదటి హెచ్చరికకే గేదెను గట్టు మీద ఫలానా చింతచెట్టు దగ్గరకు తోలాలి, ఎండుగడ్డి రెండు మోపులు ముందే చేర్చాలి. ఊరు ఖాళీ చేయమంటే కదలనివాళ్ల వెనక దాదాపు ప్రతిసారీ ఇలాంటి కారణం ఒకటి ఉంటుంది. పశువు, ఇంట్లో దాచిన ధాన్యం, తాళం లేని పెట్టె, నడవలేని భర్త. దాన్ని ముందే తెలుసుకుంటే ఆ రాత్రి బతిమాలే పని ఉండదు.

ఆరోగ్య వివరాలు అందరికీ చదివి వినిపించేవి కావు. ఆ పేజీలు ఆశా కార్యకర్త దగ్గర, పది ఇళ్ల బాధ్యుల దగ్గర మాత్రమే ఉండాలి. వాట్సాప్ గ్రూపులో ఫొటో తీసి పెట్టకండి. మీరు నమ్మకం నిలబెట్టుకుంటేనే వచ్చే ఏడాది నిజం చెబుతారు.

ఏటా రెండుసార్లు సరిచూడండి: జూన్ మొదటి వారంలో వరదకు, అక్టోబరు మొదటి వారంలో తుఫానుకు. పెళ్లయి వెళ్లినవాళ్లు, గల్ఫ్ నుంచి తిరిగి వచ్చినవాళ్లు, కొత్తగా పుట్టినవాళ్లు మారుతూనే ఉంటారు.

ఇంకో మాట. పుస్తకం రాసేటప్పుడు ఊరి పటం కూడా గీయండి. పల్లపు భూమిలో ఉన్నది ఏ పేట, ఏటికి అవతల విడిగా ఉన్న ఇళ్లు ఏవి, కూలి పనికి వచ్చి పాకల్లో ఉంటున్నవాళ్లు ఎక్కడ. చాలా ఊళ్లలో అందరికంటే ముందు మునిగేది పల్లపు పేట. పడవ మాత్రం ముందు రోడ్డు పక్క ఇళ్లకే వెళ్తుంది, ఎందుకంటే పిలిచే గొంతులు అక్కడే ఎక్కువ. ముందు ఎవరి దగ్గరకు వెళ్లాలో నీళ్లు రాకముందే వరుస రాసి, ఆ వరుసను ఊరి సమావేశంలో అందరి ముందు ఒప్పించండి. ఆ రోజు ఎవరు ఒత్తిడి చేసినా కాగితం చూపించవచ్చు.

4. పని పంచుకోండి, తాళంచెవులు పంచండి

పదవులు వద్దు, పనులు చాలు. నా అనుభవంలో ఐదు పనులకు ఐదుగురు, ఒక్కొక్కరికి తోడు ఒక్కరు సరిపోతారు: సచివాలయంతో, తహసీల్దారు కార్యాలయంతో మాట్లాడే మనిషి, పడవలు, రక్షణ చూసేవారు, వంట, మంచినీరు చూసేవారు, ఆరోగ్యం చూసేవారు, లెక్కలు రాసేవారు. సంఘం అధ్యక్షుడే అన్నీ చూసుకుంటాడనుకోవడం పెద్ద పొరపాటు. ఆ రాత్రి ఆయన ఇల్లూ మునుగుతుంది.

సామాను గదికి మూడు తాళంచెవులు చేయించండి. మూడూ మూడు వేర్వేరు ఇళ్లలో ఉండాలి. తాళంచెవి ఉన్న మనిషి ఊరు వదిలి వెళ్తుంటే దాన్ని మరొకరి చేతిలో పెట్టి వెళ్లాలి. ఇది నియమంగా రాసి గది తలుపు మీదే అంటించండి. తలుపు పక్కన ఒక గొడ్డలి కూడా వేలాడదీయండి, అవసరమైతే తాళం పగలగొట్టే అధికారం ఎవరికైనా ఉందని కింద రాయండి.

ఫోను నంబర్లు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, రాష్ట్ర విపత్తు కంట్రోల్ రూముకు 1070, జిల్లా కంట్రోల్ రూముకు 1077. జిల్లా కంట్రోల్ రూము ల్యాండ్‌లైను నంబరును మాత్రం ఏటా కొత్తగా కనుక్కోండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. కోనసీమ ఊళ్లలో గోడల మీద ఇంకా కాకినాడ నంబర్లు, భీమవరం వైపు ఊళ్లలో ఏలూరు నంబర్లు కనిపిస్తున్నాయి. వాటిని చెరిపేసి అమలాపురం, భీమవరం నంబర్లు రాయాలి.

జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ నడిపే ఆపద మిత్ర శిక్షణకు మీ కుర్రాళ్లను పంపించే వీలుందేమో జిల్లా అధికారులను అడగండి. ఇద్దరు నేర్చుకుని వచ్చినా పదిమందికి నేర్పుతారు.

5. సామాను, పడవలు

జాబితా చిన్నదే: నూరడుగుల తాళ్లు రెండు, లైఫ్ జాకెట్లు, టార్పాలిన్లు, ఛార్జింగు టార్చిలు, బ్యాటరీ రేడియో, చేత్తో పట్టుకునే మైకు, గొడ్డళ్లు, కత్తులు, రంపాలు, మడత స్ట్రెచర్, ప్రథమ చికిత్స పెట్టె, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, క్లోరిన్ బిళ్లలు, బ్లీచింగు, శానిటరీ నాప్కిన్లు, చేతి తొడుగులు. తుఫాను తర్వాత కొబ్బరి చెట్లు అడ్డంగా పడి దారులు మూసుకుపోతాయి. అప్పుడు గొడ్డలి, రంపం విలువ తెలుస్తుంది. కరెంటు రంపం మీద ఆధారపడకండి.

వీటిని నెలకొకసారి బయటికి తీసి చూడాలి. ఏడాదిగా డబ్బాలో ఉన్న పెట్రోలుతో జనరేటరు స్టార్ట్ కాక మేము ఒక రాత్రంతా లాంతరు వెలుగులో గడిపాం. పెట్రోలు నిలవ ఉంచడం ప్రమాదం కూడా. జనరేటరు పెట్టుకునేవాళ్లు హెచ్చరిక వచ్చాకే తాజాగా నింపుకోవాలి. దాన్ని గది లోపల, వరండాలో నడపకూడదు. ఆ పొగ వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది.

పడవల విషయంలో మొహమాటం వద్దు. మీ రేవులో ఏ పడవ ఎంత మందిని మోయగలదో సరంగునే అడిగి, ఆ అంకెను పడవ పక్కన పెయింట్‌తో రాయించండి. వరద వేగంలో దానికి సగం మందినే ఎక్కించండి. జాకెట్ వేసుకోనివాళ్లు ఎక్కకూడదు, పడవ నడిపేవారితో సహా. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగినప్పుడు ఏరు వరదలోనే ఉంది. ఆ సంగతి మరువకండి. చీకటి పడ్డాక, గాలి హోరులో, వంతెన స్తంభాల దగ్గర మామూలు నాటుపడవ తీయకండి. ఆ పని ఎన్డీఆర్ఎఫ్, ఎస్డీఆర్ఎఫ్ (జాతీయ, రాష్ట్ర విపత్తు స్పందన దళాల) బృందాలది. మీరు వాళ్లకు దారి చూపించండి, ఏ ఇంట్లో ఎవరున్నారో చెప్పండి. బయటినుంచి వచ్చిన బృందానికి తెలియనిదీ, మీ పుస్తకంలో ఉన్నదీ అదే.

ఎవరైనా నీటిలో కొట్టుకుపోతుంటే వెంటనే దూకకండి. ముందు గెడకర్ర అందించాలి, అందకపోతే తాడు విసరాలి, తేలే ఖాళీ డబ్బా ఏదైనా విసరాలి, ఆ తర్వాతే పడవ. దూకినవాడు కూడా పోయిన సంఘటనలు గోదావరి వాసులకు తెలియనివి కావు. ఒడ్డుకు తెచ్చిన మనిషిని కాళ్లు పట్టి గిరగిరా తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం మానండి. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, ముక్కు మూసి నోటితో ఊపిరి ఊదండి. ఆ తర్వాత ఛాతీ మధ్యన ముప్పైసార్లు బలంగా నొక్కడం, రెండుసార్లు ఊదడం, ఇలా అంబులెన్సు వచ్చేదాకా ఆపకుండా చేయాలి. మనిషి అలసిపోతే ఇంకొకరు అందుకోవాలి. ఇది చదివితే రాదు, పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) సిబ్బందిని పిలిపించి బొమ్మ మీద సాధన చేయించండి.

6. హెచ్చరిక వచ్చాక

*వరద, మొదటి హెచ్చరిక.* పది ఇళ్ల బాధ్యులు తమ ఇళ్లకు ఒకసారి వెళ్లి చెప్పిరావాలి. పశువులను గట్టెక్కించడం ఇప్పుడే. డయాలసిస్ రోగులను, ప్రసవం నెల లోపల ఉన్న గర్భిణులను దారి తెగకముందే ఆసుపత్రికి దగ్గరగా ఉన్న బంధువుల ఇంటికి, లేకపోతే ఏరియా ఆసుపత్రికి పంపేయాలి. డయాలసిస్ వారానికి రెండు మూడుసార్లు తప్పనిసరి. నీరు పది రోజులు నిలిస్తే పడవ మీద భారం వేయలేం. మందులు వాడేవాళ్లందరి దగ్గర రెండు వారాలకు సరిపడా ఉన్నాయా అని చూడండి. ఇన్సులిన్‌ను గాలి చొరబడని సంచిలో పెట్టి, తడి ఇసుక మీద ఉంచిన మట్టికుండలో దాస్తే ఫ్రిజ్ లేకపోయినా చల్లగా ఉంటుంది.

*రెండో హెచ్చరిక.* కాజ్‌వేలు, లోతట్టు దారులు తెగే సమయం. పల్లపు పేటలవాళ్లు, పుస్తకంలో గుర్తుపెట్టిన వృద్ధులు పగటి వెలుగులోనే కదలాలి. రేషను కార్డు, ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు ఒక పాలిథిన్ సంచిలో. మెయిన్ స్విచ్చి కట్టేసి, గ్యాస్ సిలిండరు రెగ్యులేటరు తీసి బయలుదేరాలి. సిలిండరును తాడుతో కట్టకపోతే అది నీటిలో తేలి గోడలకు కొట్టుకుంటుంది.

*మూడో హెచ్చరిక.* ఇంక సామాను కోసం ఎవరూ వెనక్కి వెళ్లకూడదు. ఏటిగట్టు మీద కాపలా పెట్టండి, ఇద్దరిద్దరుగా, టార్చితో. గట్టులో నీరు ఊరుతున్నా, ఎలుక కన్నాల నుంచి బురదనీరు ఉబికి వస్తున్నా జలవనరుల శాఖకు వెంటనే చెప్పాలి. తేట నీరైతే గమనిస్తూ ఉండండి, బురద కలిసి వస్తుంటే లోపల మట్టి కోసుకుపోతోందని అర్థం. గండి పడకముందు దొరికే ముఖ్యమైన గుర్తుల్లో అదొకటి.

*తుఫాను.* వాతావరణ శాఖ తీరం దాటడానికి దాదాపు 48 గంటల ముందు అప్రమత్తం చేస్తుంది, 24 గంటల ముందు హెచ్చరిక ఇస్తుంది. 48 గంటల ముందు వేటకు వెళ్లినవాళ్ల లెక్క తీయండి, రాని పడవలకు కబురు పంపండి. 24 గంటల ముందు తాటాకిళ్లు, రేకుల ఇళ్లవాళ్లు తుఫాను షెల్టరుకు చేరాలి. గాలి మొదలయ్యాక ఎవరినీ తీసుకురావడానికి వెళ్లకండి. ఎగిరే రేకు కత్తితో సమానం. ఉన్నట్టుండి గాలి ఆగి ఆకాశం తేటబడితే అది తుఫాను కన్ను కావచ్చు. కాసేపటికి అంతే బలంతో ఎదురు దిశ నుంచి మళ్లీ కొడుతుంది. ఆ ప్రశాంతతలో ఇల్లు చూసుకుని వస్తానని బయటికి వెళ్లేవాళ్లను తలుపు దగ్గర ఆపడానికి ఒక గట్టి మనిషిని కూర్చోబెట్టండి. రేడియో చెప్పేదాకా బయటికి రాకూడదు.

7. షెల్టరు

బడిలోనో, షెల్టరు భవనంలోనో మూడు వందల మంది నాలుగు రోజులు ఉండాలి. బియ్యం, పప్పు ఎవరో ఒకరు తెస్తారు. ఆడవాళ్ల మరుగుదొడ్డికి వెలుతురు ఉందా, లోపలి గడియ పనిచేస్తుందా అని ఎవరూ చూడరు. అది మీరు చూడండి. రాత్రి నీళ్లు తాగకుండా ఉండిపోయే ఆడపిల్లల కారణం అదే. పాలిచ్చే తల్లులకు ఒక గది, చంటిపిల్లలకు వేడినీళ్లు. వృద్ధులను కింది అంతస్తులో మరుగుదొడ్డికి దగ్గరగా ఉంచాలి, నీరు ఎక్కే ప్రమాదం ఉంటే పైకి చేర్చే మనుషుల పేర్లు ముందే ఉండాలి.

ఒక్క పంక్తి, ఒక్క వంట, ఒక్క నీళ్ల కుండ. ఫలానా పేటవాళ్లు అటువైపు అన్న మాట మొదటి గంటలోనే వినిపిస్తుంది, ఇంకా వినిపిస్తోంది. దాన్ని మొదటి గంటలోనే ఆపాలి, పెద్దమనిషి అన్నా సరే. సంఘం పేరు బ్యానరు మీద రాసుకునే ముందు మనం ఈ పని చేసి ఉండాలి.

వచ్చిన వాళ్ల పేర్లు తలుపు దగ్గరే రాయండి. ఎవరు రాలేదో ఇంటింటి పుస్తకంతో పోల్చి చూడండి. ఆ రాత్రి వెతకాల్సింది వాళ్లనే.

8. నీరు తీశాక

ఇళ్లకు వెళ్లేముందు లైన్‌మన్ వచ్చి చూసేదాకా ట్రాన్స్‌ఫార్మర్ వేయనివ్వకండి. తెగిపడిన తీగ చనిపోయినట్టు కనిపించినా తాకకూడదు.

పాములు ఇళ్లలో పొడి చోటు వెతుక్కుంటాయి. అటకలు, గోనె బస్తాలు, మంచం కింద కర్రతో కదిపి చూడండి. కాటు వేస్తే కోయడం, పీల్చడం, గట్టిగా తాడు కట్టడం వద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా బద్ద పెట్టి, మనిషిని నడిపించకుండా ఆసుపత్రికి మోసుకెళ్లాలి. పాము మందు ఏ ఆసుపత్రిలో ఉందో వరద కాలానికి ముందే అడిగి పుస్తకంలో రాసుకోండి. మంత్రం వేయించే గంట ఆలస్యం ప్రాణం మీదికి తెస్తుంది.

నీళ్లు కాచి తాగాలి, బాగా మరిగాక ఇంకో నిమిషం ఉంచాలి. మునిగిన బావులను తోడి, పంచాయతీ సిబ్బందితో బ్లీచింగు వేయించాకే వాడాలి. విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్. ప్యాకెట్ దొరకకపోతే లీటరు కాచిన నీటిలో చదునుగా ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. టీ చెంచా కొలతే, పెద్దది కాదు. బురదలో పనిచేసేవాళ్లు కాళ్లకు బూట్లు వేసుకోవాలి. కాలికి పుండు ఉన్నవాళ్లు దిగకపోవడమే మంచిది. జ్వరం, ఒళ్లు నొప్పులు, కళ్లు ఎర్రబడడం కనిపిస్తే ఎలుక జ్వరం కావచ్చు, డాక్టరుకు "బురదలో పనిచేశాను" అని చెప్పాలి.

నష్టం లెక్క రాసే అధికారులు వచ్చేలోపు శుభ్రం చేయకుండా ఉండలేం కదా, అందుకని ముందు ఫొటోలు తీయండి. పడిపోయిన గోడ, మునిగిన చేను, చచ్చిన పశువు, పక్కన ఇంటి యజమాని నిలబడి. కౌలు రైతుల పేర్లు విడిగా రాయండి. పొలం పాసుపుస్తకం ఇంకొకరి పేరున ఉంటుంది కాబట్టి, ముందుగా కౌలు కార్డు ఉందో లేదో చూడకపోతే పరిహారం దగ్గర వాళ్ల పేర్లే జారిపోతాయి.

బయటినుంచి సాయం చేస్తామన్నవాళ్లకు ఏం కావాలో రోజూ ఒక చిన్న జాబితా పంపండి. మొదటి మూడు రోజులు పులిహోర పొట్లాలు గుట్టలుగా వస్తాయి, పదో రోజుకు పశువులకు గడ్డి, బడి పుస్తకాలు, దుప్పట్లు, దోమతెరలు ఎవరికీ గుర్తుండవు. పాత బట్టలు వద్దని మర్యాదగా, గట్టిగా చెప్పండి.

9. మే నెలలో ఒక ఆదివారం సాధన చేయండి

పొద్దున ఆరింటికి చెప్పకుండా మైకు మోగించండి. పది ఇళ్ల బాధ్యులు తలుపులు తట్టాలి, పడవ రావాలి, వంటవాళ్లు పొయ్యి పెట్టాలి. గంట గంటకు ఏం జరిగిందో ఒకరు గడియారం పట్టుకుని రాయాలి. అందరికీ ఉప్మా పెట్టండి, పిల్లలు కూడా వస్తారు.

మా మొదటి సాధనలో మంచం మీద ఉన్న పెద్దాయనను మడత మంచంతో సహా మోసుకొచ్చి బడి గది గుమ్మం దగ్గర ఆగిపోయాం. ఒక రెక్క ఎప్పటినుంచో మేకులు కొట్టి బిగించేసి ఉంది, మంచం పట్టలేదు. నలుగురం ఎండలో నిలబడ్డాం. పెద్దాయనే తల తిప్పి, "ఆ రెక్క ఊడదీయండర్రా" అన్నారు. ఊడదీయడానికి మా దగ్గర ఏమీ లేదు. ఆ మధ్యాహ్నమే వడ్రంగిని పిలిచి మేకులు తీయించి గడియ పెట్టించాం. సామాను జాబితాలో సుత్తి, మేకులు పీకే పట్టకారు చేర్చాం.